కళ్లు మూసిన బొమ్మల కేసు

పిల్లలూ, మీరు దుప్పటి కప్పుకుని తెల్లవార్లూ చూసే ఆ సస్పెన్స్ సీరియళ్లు నేను కూడా చూస్తాను. రిటైరైన పోలీసుకు అంతకన్నా పనేముంటుంది? ఈ మధ్య అన్నింట్లోనూ ఒకటే కథ. ఎక్కడో కొండ మీద ఒక ఆశ్రమం, నల్లబట్టల గురువు, మంట చుట్టూ ఊగిపోయే భక్తులు. ఒక ఆఫీసరు ఉంటాడు. వాడికి గడ్డం ఉంటుంది, పెళ్లాం ఉండదు. వానలో తడుస్తూ టార్చిలైటు పట్టుకుని ఒక్కడే లోపలికి పోతాడు. ఆ సీను వచ్చినప్పుడల్లా మా ఆవిడ నావైపు తిరిగి, "మీరెప్పుడన్న గిట్ల పోయిండ్రా?" అని అడుగుతుంది. వెటకారం కాకపోతే ఏంటి?

పోయాను. వాన లేదు, టార్చిలైటు లేదు. పట్టపగలు, శాలిబండ సందులో షేర్ ఆటోల హారన్లు మోగుతుంటే, తెల్ల పంచె కట్టుకుని, ఒక మేడ మెట్లెక్కి పోయాను. పంచె అలవాటు లేక ప్రతి మెట్టు మీదా దాన్ని పట్టుకోవాల్సి వచ్చింది. మీ సీరియల్ హీరోకు ఈ బాధ ఉండటం ఎప్పుడైనా చూశారా?

మొన్న డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటే ఇదే చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే ఫోన్లు చూసుకున్నారు. ఒళ్లు మండింది. అందుకే రాసి పెడుతున్నాను. పేర్లు మాత్రం రాయను. ఇందులో ఉన్నవాళ్ల ఇళ్లు చాలావరకు నేను సాయంత్రం నడకకు వెళ్లే దారిలోనే ఉన్నాయి మరి.

అప్పుడు నేను పాతబస్తీలో ఒక స్టేషన్‌కు ఇన్‌స్పెక్టర్ని. వినాయక చవితికి ముందు రోజులు. ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసేవాళ్లకు అది ఊపిరాడని కాలం, ఇంట్లో పెళ్లి ఉన్నా పని వదిలి రారు. అలాంటిది ఒక పొద్దున అక్కడి మూర్తికారుడు ఒకాయన మోచేతుల దాకా ఎండిన సుద్దతోనే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆయనవి పెద్ద మీసాలు, వాటి మీద కూడా సుద్దే.

"సాబ్, ఒక్క మాట అడుగుత. జిందా మనుషులకు, బతికున్నోల్లకు ఎవలన్న మూర్తి చేపిస్తరా?"

"లీడర్లు చేపిచ్చుకుంటరు గద భాయ్," అన్నాను నేను.

"లీడర్ల ముచ్చట కాదు సాబ్. మామూలు మనుషులు. ఇండ్లల్ల ఉండే ఆడోల్లు, ముసలోల్లు."

సంగతి ఇది. వినాయకుళ్లతో పాటు వాళ్లు చనిపోయిన పెద్దల బొమ్మలు కూడా చేసిస్తారు. "ఫోటో తెస్తరు సాబ్, దానికి దండ ఉంటది. మా బాపు ముక్కు గిట్ల లేకుండె, మా అమ్మ చెవు గట్ల లేకుండె అని లొల్లి చేస్తరు, ఏడుస్తరు. గిది మాకు అలవాటే. మొన్న ఒకడొచ్చి ఫోన్ల ఫోటోలు చూపించిండు, నా ఫోన్‌కు గూడ పంపిండు. అన్ని ఫోటోలల్ల ఎన్క ఒక్కటే గోడ. అందరు కండ్లు మూసుకున్నరు. బొమ్మలకు గూడ కండ్లు మూసే ఉండాలె అన్నడు. అమాసకల్ల గావాలె అన్నడు."

"చేసియ్యి. నీకేం ఫికర్?"

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మేం కండ్లు ఆఖరుకు తెరుస్తం సాబ్. రంగులన్ని అయినంక, తానం చేసొచ్చి, అప్పుడు కండ్లు గీస్తం. అప్పటిదాంక అది మట్టే. కండ్లు మూసి ఇయ్యుమంటే గది మూర్తి కాదు, మయ్యత్." మయ్యత్ అంటే శవం. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెవులు పట్టుకున్నాడు. "ఇంకోటి చెప్పాలె. అందరిట్ల ఒక్కనికి మాత్రం పెద్ద బొమ్మ. దానికి కండ్లు తెరిచే ఉండాలెనట."

నేను టీ కప్పు కింద పెట్టేశాను. అమావాస్య అప్పటికి వారం కూడా లేదు.

ఆయన చెప్పింది రాసుకోమని మా రైటర్ని పిలిచాను. స్టేషన్‌లో రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు, ఫిర్యాదులు రాసే హెడ్ కానిస్టేబులు. మనిషి సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. గొంతు లేచేది ఒక్క క్యారం బోర్డు దగ్గరే. అతను వచ్చి మూర్తికారుడి ఫోన్‌లో ఫోటోలు ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూశాడు. నాలుగో ఐదో ఫోటో దగ్గర వేలు ఆగిపోయింది.

"ఏమైందయ్యా?"

"మా అక్క సార్," అన్నాడు.

ఫోటోలో అరవై దాటిన ఆవిడ. నుదుట పెద్ద బొట్టు, మూసిన కళ్లు, పెదవుల మీద చిన్న నవ్వు. నిజం చెప్పాలంటే ఎంతో ప్రశాంతంగా ఉంది ఆ ముఖం. అందుకే మాకు అంత భయం వేసింది.

ఆ అక్క గురించి స్టేషన్‌లో అందరికీ తెలుసు. రైటర్ పాలు తాగే వయసులోనే తల్లి పోయింది. అక్కకు అప్పుడు పన్నెండో పదమూడో. బడి మానేసి తమ్ముణ్ని చంకనేసుకుంది. సంబంధాలు వస్తే, వీడు పెద్దగవనీ అంది. వీడు పెద్దయ్యాడు, పోలీసయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. ఆవిడ పెళ్లి ముచ్చట ఎవరూ ఎత్తలేదు. ఉప్పుగూడలో తమ్ముడింట్లోనే ఒక గదిలో ఉండేది. ఆమెను ఎవరూ బాధపెట్టలేదు, అది మాత్రం చెప్పాలి. కాకపోతే ఏ పనికైనా ఆమెను అడిగే అవసరం ఆ ఇంట్లో ఎవరికీ లేకుండా పోయింది.

అలాంటి సమయంలో పక్కింటావిడ భజనకు పోదాం రమ్మంది. శాలిబండలో మూతబడిన జరీ కార్ఖానా మీది అంతస్తులో ఒక గురువు దిగాడు. అందరూ ఆయన్ను 'సామి' అనేవాళ్లు. గురువారం గురువారం భజన, తర్వాత పులిహోర. మన రైటరే తన స్కూటర్ మీద అక్కను దింపి వచ్చేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆమె ఒక డబ్బా నిండా ప్రసాదం తెచ్చేది. అది మరునాడు స్టేషన్‌కు వచ్చేది. అబ్బ, ఏం పులిహోర! ఇంగువ సరిగ్గా పడేది. అంటే ఏమిటి? నగరంలో అత్యంత ప్రమాదకరమైన ముఠా వంటను మా స్టేషన్ మొత్తం నెలల తరబడి వేళ్లు నాకుతూ తిన్నది. దీన్ని ఏ సీరియల్ వాడూ చూపించడు.

నేను వెంటనే ఏసీపీ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయనది కోస్తా వైపు, మాట మెత్తన. అంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు.

"బొమ్మలు చేయించుకోవడం నేరమని ఏ చట్టంలో ఉందో కాస్త చెప్పండి ఇన్‌స్పెక్టర్ గారూ."

"సార్, అమావాస్య నాడు వాళ్లంతా ప్రాణాలు తీసుకుంటారని నా అనుమానం."

"అనుమానమండీ. సాక్ష్యం? భజన చేసుకుంటున్న ఇంట్లోకి పోలీసులు బూట్లేసుకుని దూరారని రేపొద్దున పేపర్లో పడిందనుకోండి. ఈ పాతబస్తీలో దేవుడి జోలికి పోతే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు కదా."

కోపం వచ్చింది కానీ ఆయన అన్నది తప్పు కాదు. బొమ్మలను బట్టి ఎవర్నీ అరెస్టు చేయలేం. ఆ సామి గురించి ఆరా తీశాం. మూడు ఊళ్లు మారాడు, మూడు ఊళ్లలో మూడు పేర్లు. ఎక్కడా కేసు లేదు. గురువు కాకముందు మాత్రం ఒక పురుగుమందుల దుకాణంలో పని చేశాడని తెలిసింది. ఆ మాట చెప్పినప్పుడు ఏసీపీ గారు కళ్లజోడు తుడవడం ఆపారు. మామూలు బట్టల్లో లోపలికి పోవడానికి ఒప్పుకున్నారు.

ఈలోగా రైటర్ ఇంట్లో వేరే యుద్ధం. అక్క తన చెవి కమ్మలు తీసి మరదలి చేతిలో పెట్టింది. "నాకిగ వీటితోని పని లేదు పిల్లా" అందట. తన స్టీలు డబ్బాలన్నీ తోమి, తుడిచి, వాడకట్టులో పంచింది. రైటర్ ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"అక్కా, గాడికి పోకు. గా సామి మంచోడు కాదు."

"నువ్వు పోలీసోనివి రా. నీకు అందరు దొంగలే కనవడతరు," అని నవ్వింది ఆవిడ. "నేనేడికి పోత? మంచి తావుకే పోతున్న. ఫికర్ చెయ్యకు."

బలవంతంగా గదిలో పెట్టి గొళ్లెం పెట్టారు. ఆవిడ అరవలేదు, తలుపు కొట్టలేదు. అన్నం, నీళ్లు ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. రెండో రోజు మరదలే ఏడుస్తూ తలుపు తీసేసింది. ఆ సంగతి స్టేషన్‌కొచ్చి చెబుతూ రైటర్ నా బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "మనిషిని ఎంతకాలం బంధిస్తం సార్? గా సామి లోపల కూసున్నడు. వాన్ని అక్క తలకాయలకెల్లి ఎట్ల తీద్దాం?" అన్నాడు. ఇన్‌స్పెక్టర్లకు ఆ ట్రైనింగ్ ఇవ్వరు.

ప్లాను నాదే. రైటర్ అక్క దగ్గరికి పోయి, మనసు మారింది, నేను కూడా అమావాస్య పూజకు వస్తాను, నలుగురు దోస్తులను తీసుకొస్తాను అని చెప్పాలి. ఆ నలుగురం మేమే. లోపల విషం లాంటిది కనబడగానే నేను కిటికీ దగ్గరికెళ్లి రుమాలుతో ముఖం తుడుచుకోవాలి. ఎదురుగా చాయ్ హోటల్లో ఉన్న మావాళ్లు, సందు చివర ఆంబులెన్సు, అన్నీ కదిలి వస్తాయి. కాగితం మీద భలే ఉంది. రైటర్‌కు మాత్రం నచ్చలేదు. అక్కతో అబద్ధం చెప్పడం పుట్టి బుద్ధెరిగిన తర్వాత అదే మొదటిసారట. చెప్పి వచ్చాక, "నా చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది సార్. పాట పాడుకుంట చేసింది" అన్నాడు.

అమావాస్య పొద్దున పైకి పోయాం. పొడుగాటి హాలు, మగ్గాలు తీసేసిన గుర్తులు నేల మీద ఇంకా ఉన్నాయి. ఫోటోల్లో ఉన్న గోడ ఎదురుగా కనబడింది. భక్తులు డజను మంది దాకా ఉంటారు. అక్క ముందు వరసలో కూర్చుని ఉంది. తమ్ముణ్ని చూడగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరికీ చూపించింది. "మా తమ్ముడు. వచ్చిండు సూడు! వచ్చిండు!" ఆ ముఖంలో సంతోషం చూస్తే నాకు తలదించుకోవాలనిపించింది. పక్కవాళ్లంతా ఆమెను 'అమ్మా' అని పిలుస్తున్నారు. ఆమె చెప్పినచోట కూర్చుంటున్నారు, ఆమెను అడిగి దీపం ముట్టిస్తున్నారు. ఇంట్లో ఒక మూల గదిలో ఉండే మనిషి అక్కడ పెద్దదిక్కు. ఎందుకు వెళ్లేదో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక సామి. నల్లబట్టలు లేవు, జడలు లేవు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చక్కగా దువ్విన తల. బ్యాంకులో మేనేజరు అంటే నమ్ముతారు. నా దగ్గరికి వచ్చి నా ముఖంలోకి చూసి, "మెట్లెక్కేటప్పుడు మోకాలు బాధపెట్టింది కదా నాయనా?" అన్నాడు. నా మోకాలి గురించి సర్వీసు మొత్తంలో ఎవడూ అడగలేదు. పైఅధికారులు అడగలేదు, కిందివాళ్లు అడగలేదు. మా ఆవిడ అడిగింది కానీ ఆ గొంతు వేరు. ఒక్క క్షణం నాకు ఆ మనిషి నచ్చాడు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. అలాంటివాళ్లు భయపెట్టి లాక్కోరు. మన నొప్పి ఎక్కడుందో కనుక్కుని మెల్లగా అక్కడ చెయ్యి వేస్తారు.

మా రైటర్ అక్క పక్కన కూర్చున్నాడు. నేను కిటికీకి కొంచెం దూరంలో చతికిలబడ్డాను. కోర్టు డ్యూటీ చేసే మా లావుపాటి కానిస్టేబుల్ నా వెనక కూర్చున్నాడు. కాసేపటికి అందరి ముందు చిన్న స్టీలు గ్లాసులు పెట్టారు, ఒక్కో దాని మీద తమలపాకు మూత. తీర్థమట. మాకూ పెట్టారు. నేను ఆకు కాస్త పక్కకు జరిపి వాసన చూశాను. పచ్చకర్పూరం దండిగా దంచి వేశారు. దాని కింద ఇంకేదో ఘాటు ఉంది. నా రుమాలు జేబులో ఉంది. తీయబోతున్నాను.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఏసీపీ గారు కనబడ్డారు.

పట్టుపంచె, కండువా, నుదుట అడ్డబొట్టు. కింద చాయ్ హోటల్లో కూర్చోలేకపోయారట, లోపల ఏం జరుగుతుందో అని మనసు ఆగలేదట. ఆయన వస్తారని మాలో ఎవరికీ తెలియదు. భక్తుడిలా వంగి చేతులు జోడించుకుని లోపలికి అడుగుపెట్టారు. చాలా బాగా నటించారు. పాడుచేసింది మేము. నా వెనక కానిస్టేబుల్ దిగ్గున లేచాడు. మడమలు కలిశాయి. ఉత్త కాళ్లు కాబట్టి చప్పుడు రాలేదు కానీ, చెయ్యి మాత్రం పెరేడ్ గ్రౌండ్‌లో లేచినట్టు నుదుటికి లేచింది. ఒకడు లేస్తే పక్కవాడు లేస్తాడు, ఇది పోలీసు రక్తంలో ఉంది. నలుగురం నిలబడ్డాం. నా చెయ్యి కూడా చెవి దాకా వచ్చిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఏసీపీ గారు గతిలేక "నమో నమః" అన్నారు.

హాలంతా మావైపు తిరిగింది. నేనైతే, అయిపోయింది, ఇక వాడు పారిపోతాడనుకున్నాను. వాడు కదల్లేదు. చిన్నగా నవ్వాడు.

"వచ్చారు. చెప్పాను కదా తల్లీ, ఆఖరి ఘడియలో ఆపేవాళ్లు వస్తారని? చెప్పినట్టే వచ్చారు. కళ్లు మూసుకోండి. ఏ కేక వినబడినా తెరవకండి. గ్లాసు తీసుకోండి."

మా తప్పును వాడు అలా వాడుకున్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆ ఫోటోల్లో ఉన్నట్టే, అదే చిన్న నవ్వుతో. గ్లాసులు చేతుల్లోకి వచ్చాయి.

"పోలీస్! ఎవ్వరు తాగొద్దు!" అని నేను అరిచాను. ఒక్క రెప్ప తెరుచుకోలేదు. కేకలు వస్తాయని వాడు ముందే చెప్పి ఉంచాడు కదా, ఎంత అరిస్తే వాళ్ల నమ్మకం అంత గట్టిపడుతోంది. నేను దగ్గర్లో ఉన్న ఇద్దరి చేతుల్లోంచి గ్లాసులు లాగేశాను. కానిస్టేబుల్ సామి మీదికి దూకాడు. ఏసీపీ గారు కిటికీలోంచి సగం బయటికి వంగి రండి రండి అని కేకలు. నా పంచె ఊడింది. ముందు వరస మాకు అందనంత దూరంలో ఉంది. అక్క గ్లాసు పెదవుల దగ్గరికి పోతోంది.

రైటర్ ఆ గ్లాసు లాక్కుంటాడనుకున్నాను. లాక్కోలేదు. తన ముందున్న గ్లాసు తీసుకున్నాడు.

"అక్కా, నేను గూడ తాగుతున్న," అన్నాడు. గొంతు పెద్దగా లేదు. మామూలుగా, ఇంట్లో మాట్లాడుకున్నట్టు అన్నాడు. "నువ్వు లేని ఇంట్ల నాకేం పనున్నది? చిన్నప్పటిసంది నువ్వేడికి పోతే నేనాడికి రాలేదా? గిప్పుడు గూడ వస్త." గ్లాసు ఎత్తాడు.

అక్క కళ్లు తెరిచింది.

ఆ తర్వాత జరిగింది నేను ఇప్పటికీ చూస్తూనే ఉంటాను. తన గ్లాసు కింద పడిపోతున్నా పట్టించుకోకుండా, చెయ్యి తిప్పి తమ్ముడి చేతి మీద ఒక్క దెబ్బ కొట్టింది. గ్లాసు ఎగిరి గోడకు తగిలి గణగణమంటూ నేల మీద దొర్లింది. "తాగకురా!" అని హాలు అదిరిపోయేలా అరిచింది. "తాగకురా బిడ్డా, గది మందురా! పురుగులమందురా!"

నా అరుపుకు తెరుచుకోని కళ్లు ఆ అరుపుకు తెరుచుకున్నాయి. సామి గొంతు కాదు, పోలీసు గొంతు కాదు, వాళ్లు అమ్మా అని పిలిచే మనిషి గొంతు అది. మిగిలినవాళ్లకు నిజంగా అది తీర్థమనే చెప్పారు. తాగితే దేవుడు కనబడతాడు, తర్వాత భోజనాలు అని చెప్పారు. అందులో ఏముందో తెలిసింది ముందు వరసలో ఆమె ఒక్కదానికే. గ్లాసులు టపటపా నేల మీద పడ్డాయి. ఒక ముసలాయన మాత్రం అప్పటికే ఒక గుక్క మింగేశాడు. ఆయన్ను నేనే ఎత్తుకుని మెట్లు దిగాను, పంచె లేకుండానే. శాలిబండ సందు మొత్తం చూసింది. పది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు, దేవుడి దయ.

సామి గ్లాసును లాబ్‌కు పంపితే అందులో ఉన్నది చక్కెర వేసిన గులాబీ షర్బత్ అని తేలింది. తను ఎటూ పోయే ఉద్దేశం లేదు. భక్తులంతా కళ్లు మూశాక, వాళ్ల బొమ్మల మధ్యలో కళ్లు తెరిచిన తన బొమ్మను పెట్టుకుని, వీళ్లందర్నీ దేవుడిలో కలిపానని ఇంకో ఊళ్లో మహిమలు చెప్పుకుందామని వాడి ఆలోచన. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. అక్కడ కూడా వార్డర్ల మోకాళ్ల గురించి అడుగుతున్నాడేమో తెలియదు.

మా రిపోర్టులో ఆ సెల్యూట్ ప్రస్తావన లేదు. "అప్రమత్తమైన సిబ్బంది వెంటనే లేచి నిలబడ్డారు" అని ఉంది. రాసింది మా రైటరే. ఏసీపీ గారు చదివి, సంతకం పెట్టి, చాలాసేపు తలెత్తలేదు. నాకు మెడల్ వచ్చింది. సభలో పెద్దాఫీసర్లు నన్ను ధైర్యశాలి అన్నారు. నేనూ కాదనలేదు. పొగిడితే ఎవరు కాదంటారు?

అక్కను కూడా కేసులో పెట్టాలా అని పెద్ద చర్చే జరిగింది. ఏముందో ఆమెకు తెలుసు కదా. చివరికి ఆమె సాక్షిగా నిలబడింది, కోర్టులో ఏదీ దాచకుండా చెప్పింది. కానీ ఇంటికొచ్చాక నెలల తరబడి ఎవరితోనూ మాటల్లేవు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే వెళ్లేది, వచ్చేది. మేం ఆమెను కాపాడామని మేం అనుకున్నాం. ఆమె దృష్టిలో మేం ఆమె ఉన్న చోటును పడగొట్టాం. ఇది కూడా సీరియళ్లలో ఉండదు. వాటిల్లో అరెస్టు కాగానే పాట వస్తుంది.

రైటర్ని ఒకసారి అడిగాను. "నిజంగా తాగేటోనివా?"

"ఏమో సార్," అన్నాడు. "గప్పుడు డ్యూటీ యాదికి రాలే. ఇంట్ల పిల్లలు గూడ యాదికి రాలే. అక్క ఒక్కతే పోతున్నది గదా అనిపించింది. గంతే."

నేను రిటైరయ్యాక ఒకరోజు ఉప్పుగూడ వైపు పనిబడి వాళ్లింటికి వెళ్లాను. రైటర్ డ్యూటీలో ఉన్నాడు. అక్కే తలుపు తీసింది. గుర్తుపట్టి లోపల కూర్చోబెట్టి టీ పెట్టింది. మనిషి కాస్త తేరుకుంది. రెండిళ్లవతల ఉన్న పిల్లలు బడి నుంచి రాగానే ఆమె దగ్గరే ఉంటారట, వాళ్ల తల్లులు పనికి పోతారు కాబట్టి. మాట్లాడుతోంది కదా అని నాకు ధైర్యం వచ్చింది. మెడల్ మనిషిని కదా మరి.

"ఏమమ్మా, ఆ దినం మేం రాకుంటే ఏమై ఉండేది చెప్పు?" అన్నాను, కొంచెం గొప్పగానే.

ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. కోపం లేదు, నవ్వు లేదు.

"మీరందరు నన్ను బతికిచ్చినమని చెప్పుకుంటున్నరట సార్. నన్నెవ్వలు బతికియ్యలే. నేను సావనీకె పోయిన, సంతోషంగ పోయిన. ఆడ నన్ను అమ్మా అని పిలిచెటోల్లు మస్తుమంది. వాల్లు తాగబోతుంటె గూడ నాకేం అనిపియ్యలే. నోరు మూసుకుని కూసున్న. గది తల్సుకుంటె ఇప్పటికి నాకు నిద్ర రాదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గని వాడు అక్కా అన్నడు. లోకంల నన్ను అక్కా అని పిలిచేటోడు వాడొక్కడే. నా తమ్ముణ్ని నేను బతికిచ్చుకున్న సార్. గంతే జరిగింది ఆ దినం."

టీ తాగి, ఆమెకు దండం పెట్టి, బయటికొచ్చాను.